చుక్కలు కనబడే పందిరి

కెనడా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి తెనాలిలో అందరిదీ ఒకటే ప్రశ్న: నయాగరా ఎలా ఉంది? నేను నయాగరా చూడలేదు. చూడవలసిన రోజున ఒక యూదుల ప్రార్థనా మందిరం వెనక, కార్లు నిలిపే చోట నిలబడి మొక్కజొన్న చొప్ప అందిస్తున్నాను. అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి చొప్ప మోయడమేమిటని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతోంది. ఆవిడ కోసమూ, నయాగరా ఫొటోలు చూసి చూసి విసిగిపోయిన మీ కోసమూ ఇది రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా అక్క కూతురు లహరి ఒంటారియోలో ఒక చిన్న ఊళ్ళో చదువుకుంటోంది. ఊరి పేరు రాయనని అక్కడి పిల్లలకు మాటిచ్చాను. సార్నియాకు ఇవతల, పెద్ద సరస్సుకు దగ్గర్లో అని మాత్రం చెప్పగలను. మన పిల్లలు కెనడాకు వెల్లువలా వెళుతున్న రోజులవి. విమానంలో నా పక్కన కూర్చున్న ఒంగోలు అమ్మాయి కాసేపు నన్ను పరీక్షగా చూసి, "ఆంటీ, మీదే కోర్సు?" అని అడిగింది. ఆ వరసలో చదువుకు వెళ్ళనిది నేనొక్కదాన్నే.

ఒషావా

మొదటి మజిలీ ఒషావాలో మా చిన్నాన్న కొడుకు ప్రసాద్ ఇల్లు. కార్లు తయారుచేసే ఊరు కదా, వాకిలికో రెండు కార్లుంటాయి. ప్రసాద్ అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, విసుగెత్తి ఇటు వచ్చి సిటిజన్ అయ్యాడు. సూట్‌కేసు దించకముందే దేశం పరిస్థితి వివరించాడు.

"ఈ స్టూడెంట్స్ వచ్చాక కెనడా పాడైపోయిందక్కా. బస్సు నిండా వాళ్ళే. అద్దెలు చూడు! ఒక్కో బేస్‌మెంట్‌లో పదిమంది."

"ఆ బేస్‌మెంట్లు ఎవరివిరా?"

"మనవాళ్ళవే," అన్నాడు. తర్వాత టాపిక్ మార్చి, ఉప్మాలో జీడిపప్పు చాలిందా అని అడిగాడు.

ఆ సాయంత్రం ఒక స్కూలు జిమ్‌లో బతుకమ్మ. తంగేడు దొరకదు కనుక రోడ్డు పక్కన పూసే పసుప్పచ్చ పూలు కోసుకొచ్చి పేర్చారు. చామంతుల కట్ట ఖరీదు వింటే మన దగ్గర ఆ డబ్బుతో పెళ్ళిమండపం అలంకరించవచ్చు. పట్టుచీరల మధ్య పాట మంచి ఊపులో ఉండగా మైకులో ఎవరో నల్ల హోండా తీయమని మూడుసార్లు బతిమాలారు. ప్రసాద్ కూతుర్ని "ఎందుకమ్మా బతుకమ్మ ఆడతారు?" అని అడిగితే, "ఫర్ ఫొటోస్, అత్తా," అంది. వేదిక మీద ఒక పెద్దమనిషి మన సంస్కృతిని నిలబెడుతున్నది మనమేనని చాలాసేపు చెప్పారు. వెనక వంటగదిలో పులిహోర కలిపినవాళ్ళూ, చివర్లో కుర్చీలు మడిచి గోడకు చేర్చినవాళ్ళూ మటుకు, పొద్దున్న ప్రసాద్ చెప్పిన దేశం పాడుచేసిన పిల్లలే.

మర్నాడు నన్ను తీసుకెళ్ళడానికి లహరి స్నేహితుడొకడు పాత కారులో వచ్చాడు. పేరు యాదగిరి, సిద్దిపేట అబ్బాయి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. డిక్కీ తెరిస్తే నా సూట్‌కేసుకు చోటు లేదు. ఒక పెట్టె, చుట్టిన దుప్పటి, కుక్కరు, చీపురు కూడా ఉన్నాయి.

"ఇల్లు మారుతున్నావా బాబూ?"

"ఇల్లుంటే కదా ఆంటీ మారనీకె," అన్నాడు నవ్వుతూ.

మొక్కజొన్న చేను

దారిలో సంగతంతా చెప్పాడు. యాదగిరీ, ఇంకొందరు కుర్రాళ్ళూ ఉండే బేస్‌మెంట్ ఒక తెలుగాయనది. హాల్లో ఇంకో రెండు పరుపులు వేస్తానంటే యాదగిరి ఒక్కడూ నోరు తెరిచి, ఉన్నదొక్కటే బాత్రూమ్ కదా సార్ అన్నాడు. వారం తిరక్కుండా అతని పరుపు కూడా వేరేవాళ్ళకు పోయింది. అప్పటినుంచి రోజుకో స్నేహితుడి గదిలో నేల మీద పడుకుంటున్నాడు. ఊళ్ళో ఖాళీ గదే లేదు.

"అమ్మకు చెప్పావా?"

"మంచిగున్న అని చెప్పిన. వీడియో కాల్ చేస్తే దోస్తుగాని రూం చూపిస్త."

ఇంతలో లహరి ఫోన్ చేసి, వస్తూ వస్తూ మొక్కజొన్న చొప్ప తీసుకురమ్మంది. లహరి చదువుకుంటూనే ఆ ఊళ్ళోని సినగాగ్‌లో, అంటే యూదుల మందిరంలో, పార్ట్‌టైమ్ పని చేస్తోంది. ఊడవడం, వంటగది సర్దడం, దీపాలు చూడడం. వాళ్ళ పండగకు పందిరి వేయాలట.

ఒక పొలం ముందు ఆగాం. ట్రాక్టర్ దిగి వచ్చిన ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"హాలోవీన్ అలంకరణకా?" అంది. అక్కడ దయ్యాల పండక్కి గుమ్మాల ముందు చొప్ప కట్టలు నిలబెడతారట.

"కాదు మేడమ్, యూదుల పండక్కి," అన్నాడు యాదగిరి.

"మీరు యూదులా?"

"కాదు మేడమ్, హిందువులం."

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఈ లెక్క తెగేది కాదని తోచినట్టుంది. కట్టలు చూపించి, డబ్బులొద్దంది. చొప్పను కారు పైన తాళ్ళతో కట్టుకుని బయల్దేరాం. దారంతా ఆకులు రాలుతూనే ఉన్నాయి. వెనక వచ్చే కార్లవాళ్ళు హారన్ కొట్టలేదు. కెనడావాళ్ళ మర్యాద అలాంటిది. తిట్టుకోవడమైనా కారు అద్దాలు మూసుకునే చేస్తారు.

పార్కింగ్‌లో పందిరి

సినగాగ్ చిన్న ఇటుక కట్టడం. ఒకప్పుడు నిండుగా ఉండేదట. యువకులంతా టొరంటో వెళ్ళిపోయి ఇప్పుడు గుప్పెడు మంది ముసలివాళ్ళు మిగిలారు. బాధ్యతంతా మారిస్ గారిది. ఎనభై దాటిన మనిషి. హార్డ్‌వేర్ కొట్టు నడిపి మానేశారు. భార్య పోయాక రెండు వీధుల అవతల పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆయనకు ఇంగువ వాసన గిట్టదు, హీటరు పెంచడం గిట్టదు, లహరి హడావిడిగా నడవడం గిట్టదు. యాదగిరికి ఒక గది ఇవ్వగలరా అని లహరి అంతకు ముందే అడిగితే, "నాది హోటల్ కాదు," అన్నారట.

పండగ పేరు సుక్కోత్. నేను మిషన్ స్కూల్లో చదివినదాన్ని గనుక పర్ణశాలల పండగంటే తెలుసు. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడి ఎడారిలో గుడారాల్లో బతికిన రోజులను మరచిపోకుండా, ఏటా వారం పాటు పందిట్లో భోజనం చేస్తారు, ఓపిక ఉన్నవాళ్ళు నిద్రపోతారు. పందిరికి నియమాలున్నాయి. కప్పు చెట్టునుంచి వచ్చిన ఆకులతోనో కొమ్మలతోనో వేయాలి. ఎండకంటే నీడ ఎక్కువుండాలి. అయినా సందుల్లోంచి చుక్కలు కనబడాలి.

"ఇక్కడ బేస్‌మెంట్లలో పగలే కనపడుతున్నయ్ సార్," అన్నాడు యాదగిరి. లహరి అది ఇంగ్లీషులోకి మార్చడానికి తంటాలు పడింది. మారిస్ గారు నవ్వలేదు.

పిల్లలు ఫోన్లో వీడియో చూస్తూ పందిరి వేశారు. మొదటిది నిలబడి, గాలి వీయగానే గౌరవంగా ఒరిగిపోయింది. మారిస్ గారు కుర్చీలోంచే తిడుతూ రెండోది కట్టించారు. కాలేజీ నుంచి వెళుతున్న పంజాబీ కుర్రాళ్ళిద్దరు ఆగి, గోడలు తట్టి చూసి, "అద్దెకా? యుటిలిటీస్ ఇంక్లూడెడా?" అని అడిగారు. వాళ్ళు వేళాకోళం ఆడటం లేదు. చుక్కలు కనబడే కప్పు గురించి చెప్పినా ఫోన్ నంబరిచ్చి మరీ వెళ్ళారు.

దబ్బకాయకు భూతద్దం

పండగ మొదటి రోజు పని నిషిద్ధం; వాళ్ళు దీపాలు వేయరు, ఆర్పరు, కారు నడపరు. వేయమని లహరికి చెప్పకూడదు కూడా. ఏం చేయాలో ముందే మాట్లాడుకుంటారు, మరిచిపోతే తమలో తాము అనుకుంటున్నట్టు సూచనగా అనాలి. నేను లోపలికి వెళ్ళేసరికి మారిస్ గారు సీలింగు వైపు చూస్తూ, "ఈ మూల కాస్త చీకటిగా ఉన్నట్టుంది," అంటున్నారు. లహరి ఏదో సర్దుకుంటోంది. నేను గబుక్కున వెళ్ళి స్విచ్చి వేశాను. మా అత్తగారు గోడతో మాట్లాడితే అర్థం చేసుకుంటూ కాపురం చేసినదాన్ని, నాకు శిక్షణ అక్కర్లేదు. మారిస్ గారు నావైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు.

ప్రార్థన మొదలవడానికి పదిమంది యూదులుండాలి. ఆ మందిరంలో పాత పద్ధతి, మగవాళ్ళనే లెక్కపెడతారు. ఎనిమిదిమంది వచ్చారు. ముందు రాత్రే దగ్గర పట్నం నుంచి వచ్చి మారిస్ గారింట్లో దిగిన పళ్ళ డాక్టరు ఒకాయన తొమ్మిది. వెనక బెంచీల్లో లహరితో వచ్చిన మనపిల్లలు డజను మంది కూర్చున్నారు. మనుషులు నిండుగా ఉన్నా లెక్కకు ఒకరు తక్కువే. చివరికి వాకర్ పట్టుకుని ఒక తాతగారు వస్తే, పెళ్ళికొడుకు వచ్చినంత సందడి చేశారు.

తర్వాత ఒక పెట్టె తెరిచారు. పట్టులాంటి పీచులో పొదిగి, లోపల దబ్బకాయ! అచ్చంగా మనం ఊరగాయ పెట్టే దబ్బకాయే, కాస్త కోలగా ఉంది. దాన్ని ఎత్రోగ్ అంటారు. విదేశాల నుంచి తెప్పించారట. డాక్టరు భూతద్దం పెట్టి మచ్చలున్నాయేమో చూస్తున్నాడు. ఆ ఒక్క కాయ ధరకు తెనాలి మార్కెట్లో బండెడు వస్తాయి. నాకు ఆత్రం ఆగక చేతిలోకి తీసుకుని, రసముందో లేదోనని బొటనవేలితో నొక్కబోయాను. మందిరమంతా "ఆఁ!" అంది.

"పిన్నీ! కొన విరిగితే పనికిరాదు!" లహరి అరిచింది.

కాయ కొనన చిన్న ముడి ఉంది. అది పోతే ఆ కాయ పండక్కి చెల్లదట. నేను దాన్ని పసిపాపను అందించినట్టు వెనక్కి అందించాను. ఆ తర్వాత నేను ఎటు కదిలినా డాక్టరు పెట్టె మూత వేసేవాడు.

దబ్బకాయతో పాటు ఖర్జూరపు మట్ట, సువాసన వచ్చే ఒక చిన్నాకుల కొమ్మ, ఏటి ఒడ్డున పెరిగే విల్లో కొమ్మ కలిపి పట్టుకుని నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ ఊపుతారు. దేవుడు అన్ని వైపులా ఉన్నాడని. ఆనక అవి పట్టుకుని మధ్యనున్న వేదిక చుట్టూ తిరుగుతారు. వాటి అర్థం మారిస్ గారే చెప్పారు. దబ్బకాయకు రుచీ వాసనా రెండూ ఉన్నాయి, అంటే చదువూ మంచిపనులూ ఉన్న మనిషి. ఖర్జూరానికి రుచే, మూడో దానికి వాసనే. విల్లోకు రెండూ లేవు. అయినా నాలుగూ కలిపి పట్టుకుంటే తప్ప ఆ పూజ చెల్లదు.

యాదగిరి నా చెవిలో అన్నాడు. "దబ్బకాయ సిటిజన్, ఖర్జూరం పర్మనెంట్ రెసిడెంట్, మూడోది వర్క్ పర్మిట్. విల్లో ఎవరో చెప్పాల్నా ఆంటీ?"

అబ్రహాముకు ఒక కుర్చీ

ఆ సాయంత్రం పందిట్లో భోజనం. మాకోసం బంగాళదుంపల వంటకం, తీపి రొట్టె, తేనె. పైన చొప్ప సందుల్లోంచి నిండు చంద్రుడు కనబడుతున్నాడు. వాళ్ళదీ చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కించే పంచాంగమే. మనకు శరత్ పున్నమి, వాళ్ళకు పందిట్లో విందు.

"మీ వైపు యూదులున్నారా?" అడిగారు మారిస్ గారు.

"మా ఊరికి దగ్గర్లోనే తెలుగు మాట్లాడే యూదులున్నారండీ. వాళ్ళకో ప్రార్థనా మందిరం కూడా ఉందని విన్నాను."

"ఎలా ఉంటుంది?"

"తెలీదండీ. ఎప్పుడూ వెళ్ళలేదు. బస్సులో వెళ్ళొచ్చు."

సముద్రాలు దాటి ఇక్కడి మందిరం చూడ్డానికి వచ్చిన నన్ను ఆయన కాసేపు చూసి, రొట్టె కోయడంలో పడ్డారు.

భోజనానికి ముందు ఆయన ఒక పుస్తకం తీసి లేచి నిలబడి, ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఏదో చదివారు. పందిట్లోకి రోజుకొక పూర్వీకుణ్ణి అతిథిగా పిలవడం ఆచారమట. ఆ రోజు అబ్రహాము వంతు. ఎర్రటి ఎండలో గుడారం ముందు కూర్చుని, దారినపోయే ముక్కూమొహం తెలియనివాళ్ళను పిలిచి అన్నం పెట్టిన మహానుభావుడని చెప్పారు.

పాఠం చెప్పీ చెప్పీ పాడైన నోరు నాది. "మంచిదండీ. ఆయన పక్క కుర్చీలో కూర్చున్న ఈ అబ్బాయికి పడుకోవడానికి చోటు లేదని తెలిస్తే ఆయన ఏం చేసేవాడో?" అన్నాను.

లహరి బల్ల కింద నా కాలు తొక్కింది. యాదగిరి తల వంచుకుని రొట్టె తునకలు చేస్తున్నాడు.

మారిస్ గారు పుస్తకం మూశారు. "అబ్రహాము ఎడారిలో ఉండేవాడు. ఆయనకు పొరుగువాళ్ళు లేరు, మున్సిపాలిటీ లేదు," అన్నారు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే లహరితో పందిరి ఊడవడానికి వెళ్ళాను. మూలన, బెంచీ పక్కన స్లీపింగ్ బ్యాగులో యాదగిరి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. టోపీ మీద మంచు తడి. నేల మీద పడుకోనిచ్చిన స్నేహితుడి గదికి వాళ్ళ బావ వచ్చాడట.

"గిండ్ల పండుకుంటే పుణ్యమని సారే చెప్పిండు కదా ఆంటీ," అన్నాడు పళ్ళు కొట్టుకుంటూ. నా శాలువా కప్పాను. లహరి ఏడుస్తూ టీ పెట్టుకొచ్చింది.

ఆఫీసరమ్మ టేపు

ఆ మధ్యాహ్నం అందరం పందిట్లో సూపు తాగుతుండగా మున్సిపాలిటీ చొక్కా వేసుకున్న ఒకావిడ వచ్చింది. చేతిలో కొలత టేపు, ముఖంలో ఇబ్బంది. విద్యార్థులను గుడిసెలో అద్దెకు పెట్టారని ఎవరో ఫిర్యాదు చేశారట.

"ఇక్కడ ఎవరైనా నివసిస్తున్నారా?"

"నివసించమని ఆజ్ఞ," అన్నారు మారిస్ గారు.

"ఎవరి ఆజ్ఞ?"

ఆయన వేలు పైకెత్తి చూపించారు. ఆవిడ తలెత్తి చూసింది.

"సార్, ఈ కప్పు నిండా కన్నాలున్నాయి."

"ఉండాలి."

"వానొస్తే?"

"తడుస్తాం. తలుపు లేదని కూడా రాసుకోండి. మనిషి బతుకు ఎంత అస్థిరమో గుర్తుండటానికి."

"అది మా నిబంధనల్లో లేదు సార్," అంది ఆవిడ, నిజంగానే బాధపడుతూ. పందిరి పొడవూ వెడల్పూ కొలిచింది. మూలకు వచ్చేసరికి టేపు ఆగింది. అక్కడ స్లీపింగ్ బ్యాగు, దానిమీద నా శాలువా.

"ఇది ఎవరిది?"

స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. లహరి నా చెయ్యి పట్టుకుంది. ఆ దేశంలో ఆఫీసులన్నీ ఒకే మనిషికి ఉన్న వేల కళ్ళని మనపిల్లల నమ్మకం. పార్కింగ్ టిక్కెట్టు వచ్చినా వీసా పోతుందని భయపడతారు. ఎవరిదో తెలియదని అంటే ఆ పూటకు గడిచిపోయేది. మందిరం మీద మాత్రం కేసు పడేది.

యాదగిరి లేచి నిలబడ్డాడు. "నాదే మేడమ్. సార్‌కు తెలియదు. తప్పు నాది."

"నీ అడ్రస్ చెప్పు."

అతను పార్కింగ్‌లో ఉన్న తన పాత కారు వైపు చూశాడు.

"మా ఇల్లు," అన్నారు మారిస్ గారు. వీధి పేరూ ఇంటి నంబరూ చెప్పారు. "మా ఇంట్లోవాళ్ళు ఈ వారం పందిట్లో ఉంటారు. మిగతా ఏడాదంతా ఇంట్లో ఉంటారు."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నిజమేనా?"

"సార్ అంటున్నడంటే నిజమే మేడమ్," అన్నాడు యాదగిరి.

ఆవిడ చాలాసేపు రాసుకుంది. పండగ అవగానే తీసేయాలి, అంతవరకూ మంటలార్పే సిలిండర్ ఒకటి, పొగ అలారం ఒకటి పెట్టాలి అంది. ఆకాశం కనబడే కప్పుకు పొగ అలారం! మారిస్ గారు ఎదురు చెప్పలేదు. లహరి పులిహోర పెడితే ఆవిడ నిలబడే తినేసి, ఎండుమిరపకాయను పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

యాదగిరి మారిస్ గారి దగ్గరకు వెళ్ళి, "థాంక్యూ సార్," అన్నాడు.

"సూపు చల్లారిపోతోంది," అన్నారాయన.

ఆ తర్వాత గది ఊసు లేదు. అది ఆఫీసరమ్మ కోసం చెప్పిన మాటో, నిజంగా పిలవడమో మాకెవరికీ తెలియలేదు. అడగడానికి ధైర్యం లేదు. యాదగిరి కారులో పడుకోవడం మొదలుపెట్టాడు. చొప్పకు వేలాడుతున్న అలారం మాత్రం తేమకు రోజూ ఉలిక్కిపడి కూసేది.

విల్లోకు దెబ్బలు, వానకు ప్రార్థన

పండగ ఏడో రోజు చూసినంత వింత నేనెక్కడా చూడలేదు. ముసలివాళ్ళంతా విల్లో కొమ్మలు తీసుకుని, పాటలు పాడి, వాటిని నేలకేసి బాదారు. టపటపా ఆకులు రాలాయి. ఏడాది తీర్పు ఆ రోజు ముద్ర పడుతుందట; పాపాలు అలా రాలిపోవాలని కొందరు, వాన కురవాలని కొందరు అర్థం చెప్పారు. సరైన కారణం ఎవరికీ తెలియదని మారిస్ గారు దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. మన పూజల్లో చాలావాటి గురించి ఇంత నిజాయితీగా చెప్పిన పంతులుగారు నాకు ఇంతవరకూ తారసపడలేదు.

"చివరికి దెబ్బలు విల్లోకే పడ్డయ్ ఆంటీ," అన్నాడు యాదగిరి, రాలిన ఆకులు చీపురుతో ఎత్తుతూ. ఈసారి నవ్వలేదు.

మర్నాడు వాన కోసం ప్రార్థన. మారిస్ గారు పొడుగాటి తెల్లని అంగీ వేసుకుని, దాహంతో ఉన్న నేలకు నీళ్ళిమ్మని గద్గదంగా పాడారు. ఆ నేల వాళ్ళ పుణ్యభూమి. బయట మాత్రం సరస్సు మీంచి వడగళ్ళ వాన దంచేస్తోంది. మందిరం కప్పు కారి ఒక బెంచీ తడిసింది. మా వైపు వరుణయాగం చేస్తే మబ్బులు అలకతో పోతాయి. ఇక్కడ అడగకముందే ఇంట్లోకి వచ్చేస్తున్నాయి.

చుట్టూ తిరిగిన సాయంత్రం

చివరి పండగకు తోరా ఆనందమని పేరు. తోరా వాళ్ళ ధర్మగ్రంథం, తోలు మీద చేత్తో రాసిన పెద్ద చుట్ట. వెల్వెట్ తొడుగుతో, వెండి కిరీటంతో ఉంటుంది. చుట్టలన్నీ బయటకు తీసి, చంకనెత్తుకుని, ఏడు ప్రదక్షిణలు గంతులేస్తూ చేస్తారు. గ్రంథంలో ఆఖరి వాక్యాలు చదివి, ఊపిరి తీసుకోకుండా మొదటి వాక్యాలు మొదలుపెడతారు. చదువు అయిపోయిందని ఎవరూ అనుకోకూడదట. అయిపోయిందనుకోవడానికే మన పిల్లలు అంత దూరం వెళ్ళారని నేను పైకి అనలేదు.

ఇబ్బందేమిటంటే చుట్ట బరువు, మోసేవాళ్ళు ముసలివాళ్ళు. చుట్ట కిందపడితే చూసినవాళ్ళంతా ఉపవాసాలు చేయాలట. డాక్టరు మన పిల్లల్ని పిలిచి, గ్రంథం ముట్టనక్కర్లేదు, మనిషి వెనక మనిషి నడవండి చాలు అన్నాడు. అలా ప్రతి తాతగారి వెనకా ఒక కుర్రాడు, చేతులు చాచి, క్రికెట్‌లో కీపర్‌లా వంగి నడిచాడు. చుట్టూ ఆడపిల్లలు చప్పట్లు. రెండు వారాల క్రితమే బతుకమ్మ ఆడిన చేతులు, ఊరుకుంటాయా? వంగి లేస్తూ లయ అందుకున్నారు. ఒక బామ్మగారు వచ్చి ఆ వరసలో కలిసింది. మిఠాయిలు విసిరారు. ఒకటి నా కళ్ళద్దాలకు తగిలింది.

నాలుగో ప్రదక్షిణో ఐదో ప్రదక్షిణో, మారిస్ గారి కాలు తివాచీ అంచుకు తట్టుకుంది. చుట్టతో సహా ముందుకు తూలారు. మందిరమంతా మళ్ళీ "ఆఁ!" అంది. యాదగిరి రెండు చేతులతో ఆయన నడుము పట్టుకుని నిలబెట్టేశాడు. ఆయన చుట్ట వదల్లేదు, ఇతను ఆయన్ను వదల్లేదు. ఆ మిగతా ప్రదక్షిణలు ఇద్దరూ అలాగే, పెళ్ళి ఊరేగింపులో ఇద్దరు దూరి ఆడే బొమ్మ గుర్రంలా, ఒకరి వెనకొకరు చేశారు. మారిస్ గారి ముఖం ఎర్రబడింది. నవ్వుతున్నారు! లహరి నన్ను మోచేత్తో పొడిచింది.

గుమ్మం

పండగ మర్నాడు పందిరి విప్పాం. అలారం ఆఖరిసారి కూసి ఊరుకుంది. యాదగిరి చొప్ప మోసి ఒక మూల పోశాడు. పని అయ్యాక చేతులు దులుపుకుని, కారు తాళం తీశాడు.

"ఎక్కడికి?" అన్నారు మారిస్ గారు.

"ఊరికే సార్."

"ఆఫీసర్‌కు నేను అబద్ధం చెప్పాననుకున్నావా?"

యాదగిరి చేతిలోని తాళంచెవి వైపు చూసుకున్నాడు.

"పండగైపోయింది. ఇంట్లోవాళ్ళు ఇంటికి రావాలి. మేడ మీద కుడివైపు గది. పొరుగావిడ ఏదైనా అంటే నన్ను అడగమను. ఇంగువ మాత్రం కిటికీ తెరిచి వాడు." అని ఆయన కర్ర తాటించుకుంటూ నడిచి వెళ్ళిపోయారు.

సాయంత్రం నా విమానం. పోతూ పోతూ యాదగిరి సామాను మారిస్ గారింటి దగ్గర దించాలని లహరి పట్టుబట్టింది. డిక్కీలోంచి పెట్టె, దుప్పటి, కుక్కరు, చీపురు దించి గుమ్మం ముందు వరసగా పెట్టాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. ద్వారబంధానికి కుడివైపు, భుజమంత ఎత్తున, వాలుగా బిగించిన చిన్న ఇత్తడి పెట్టె ఉంది. యాదగిరి దాన్ని వేలితో నొక్కాడు. చప్పుడు రాలేదు. గట్టిగా నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"ఖరాబైనట్టున్నది ఆంటీ," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. మారిస్ గారు అతని వేలినీ, ఆ పెట్టెనూ చూశారు. లోపల ప్రార్థన రాసిన చిన్న తోలు ముక్క ఉంటుందని, యూదులు ప్రతి గుమ్మానికీ దాన్ని కట్టుకుంటారని, వస్తూ పోతూ తాకి వేళ్ళు ముద్దుపెట్టుకుంటారని మాకప్పుడు తెలిసింది. యాదగిరి చెయ్యి వెనక్కి తీసుకుని, "సారీ సార్, బెల్ అనుకున్న," అన్నాడు.

"బెల్ ఎడమ పక్క ఉంది," అన్నారు మారిస్ గారు. "కానీ దాన్ని బయటివాళ్ళు కొడతారు."

కుక్కరు తను అందుకుని, తలుపు బార్లా తీసి ఉంచి, ఆయన లోపలికి వెళ్ళిపోయారు.